మన టీమ్‌కి లిఫ్టర్ ఎవరు?



ఇది కొంచెం పెద్ద పోస్టు. ఆట గురించి రాస్తున్నాం. "నోటిఫికేషన్లు, పరీక్షలు ఒగ్గీసి ఇప్పుడు ఆటలేటిరా" అని తిట్టుకోకండి. చివరికంటా చదివితే మన గురించే రాశామని మీకే తెలుస్తుంది.

మేము సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల నించి దిగివచ్చి, కింద ఒక డిగ్రీ కాలేజీలో కలిసినవాళ్ళం. సవరలం, జాతాపులం, ఇద్దరు గదబ తమ్ముళ్ళు, ఒక కొండదొర బావ. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చాక మా ఊళ్ళన్నీ అందులోకి పోయాయి గానీ, ఎవరైనా ఏ జిల్లా అని అడిగితే నోటికి ఇప్పటికీ సిక్కోలు, ఇజీనగరం అనే వస్తాది. అందరిదీ ఒకే హాస్టలు, ఒకే మెస్సు, ఒకే బంతి. ఒకే బంతి అంటే నిజంగా ఒకటే. అది ముళ్ళకంపలో పడి గాలి పోయిందంటే ఆ వారానికి ఆట లేనట్టే.

మన వైపు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు తక్కువ. క్రికెట్‌కి జాగా ఉండదు. కొండవాలు మీద చదునైన నేల దొరకడమే గొప్ప. వాలీబాల్‌కి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటే చాలు. రెండు బొంగులు పాతి, వల కట్టీసి, ముగ్గుపిండితోనో బూడిదతోనో గీత గీసేస్తే కోర్టు అయిపోయింది. అందుకే మన గూడేల్లో సంక్రాంతికి టోర్నమెంట్ అంటే వాలీబాల్ టోర్నమెంటే. మేమందరం అలాగే, పెద్దోళ్ళు కొట్టిన బంతి గెడ్డలో పడితే తెచ్చిచ్చి ఆట నేర్చుకున్నవాళ్ళం.

ఇక అసలు సంగతి.

మేము సెకండియర్‌లో ఉండగా ఇంటర్ కాలేజియేట్ పోటీలకి వెళ్ళాం. మా టీమ్‌లో పన్నెండుమందిలో ఎనిమిదిమందిమి ఏజెన్సీ వాళ్ళమే. మాకు ఒక షూటర్ ఉండేవాడు. పేరెందుకు, మేము పెద్దోడు అనేవాళ్ళం. వాడు ఎగిరి కొడితే బంతి అవతలి కోర్టులో పడి రోడ్డు దాకా పోయేది. ఆ రోజు అవతలి టీమ్ పట్నం కుర్రాళ్ళు. మాకంటే పొడుగేం కాదు. మాకంటే ఎత్తు ఎగిరినవాడు వాళ్ళలో ఒక్కడు లేడు. వార్మప్‌లో పెద్దోడు కొట్టిన దెబ్బలు చూసి గట్టు మీద కూర్చున్న జనం ఈలలు వేశారు. మేము గెలిచేసినట్టే అనుకున్నాం.

రెండు సెట్లూ ఓడిపోయాం. రెండో సెట్‌లో పదిహేను పాయింట్లు కూడా రాలేదు.

బస్సులో తిరిగి వస్తూ అందరం ఒకటే మాట. ఇంకో షూటర్ ఉండుంటే గెలిచేవాళ్ళం. పెద్దోడి లాంటోడు ఇంకొకడు కావాలి. మా పీడీ సారు కూడా అదే అన్నారు. "వచ్చే ఏడు ఏజెన్సీ నించి ఇంకో ఇద్దరు ఎగిరేవాళ్ళని పట్టుకు రండిరా. మీ పిల్లలకి పుట్టుకతోనే ఒళ్ళు గట్టి. ఎగిరి కొట్టండి చాలు, మిగతాది పట్నం పిల్లలు చూసుకుంటారు."

సారు మంచాయనే. సొంత డబ్బుతో మాకు అరటిపళ్ళు కొనిచ్చినాయన. ఆ మాట కూడా పొగడ్తలాగే అన్నారు, మేము కూడా పొగడ్తలాగే తీసుకున్నాం. అందులో ఏముందో అర్థమవడానికి మాకు కొన్ని నెలలు పట్టింది.

ఆ మ్యాచ్‌కి మాలో ఒక తమ్ముడు కాలు బెణికి బయట కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక, రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో గీతలు గీసుకున్నాడు. అవతలివాడి సర్వీసు మా వైపు వచ్చినప్పుడల్లా మొదటి బంతి ఎక్కడికి పోయింది, రెండో బంతి ఎవరు ముట్టుకున్నారు, మూడోది ఎవరు కొట్టారు. హాస్టల్‌కి వచ్చి అన్నం తిన్నాక ఆ పేజీ మా ముందు పెట్టాడు.

చూస్తే సిగ్గేసింది. మా వైపు వచ్చిన సర్వీసుల్లో సగానికి పైగా లిఫ్టర్ దగ్గరికి చేరనే లేదు. ఒకటి వెనక్కి, ఒకటి పక్కకి, ఒకటి తిన్నగా వల దాటి అవతలికే. లిఫ్టర్ ఆ బంతి వెనక పరిగెత్తి ఎలాగోలా పైకి లేపితే అది ప్రతిసారీ ఒకే చోటికి, పెద్దోడి దగ్గరికి. వేరే దారి ఉండేది కాదు. అంత ఎత్తుగా లేపిన బంతి కిందికి దిగేలోపు అవతలివాళ్ళు ఇద్దరేసి, ఒక్కోసారి ముగ్గురేసి వచ్చి చేతులు పైకెత్తి నిలబడేవారు. పెద్దోడు గోడని కొట్టాడు ఆ రోజంతా. వాడి ఎగురులో లోపం లేదు. ఇంకొక పెద్దోడు ఉన్నా వాడూ గోడనే కొట్టేవాడు.

వాలీబాల్‌లో ఒక వైపు మూడు సార్లే బంతిని తాకాలని అందరికీ తెలుసు. బ్లాక్‌లో తగిలింది లెక్కలోకి రాదు. ఆ మూడింట్లో చప్పట్లు మూడోదానికే. మొదటిది, రెండోది ఎవరు ముట్టుకున్నారో గట్టు మీదున్నవాళ్ళకి గుర్తే ఉండదు. మేము కూడా మూడోదాన్ని మాత్రమే ఆట అనుకున్నాం. దాడి మూడో బంతితో మొదలవుతుందనుకున్నాం. ఆ పేజీ చూశాక తెలిసింది, అది మొదటి బంతితోనే మొదలైపోతుందని.

అసలు మేము అలా ఎందుకు తయారయ్యాం? ఆలోచిస్తే మా ఊరి ఆటే గుర్తొచ్చింది. మా ఊళ్ళల్లో రొటేషన్ ఉండదు. లిఫ్టర్ ఎప్పుడూ లిఫ్టరే, షూటర్ ఎప్పుడూ షూటరే, వెనక మూల నిలబడినవాడు ముసలోడయ్యేదాకా ఆ మూలే. కాలేజీ ఆటలో అలా కుదరదు. సర్వీసు మన చేతికి వచ్చిన ప్రతిసారీ ఆరుగురూ గడియారం ముల్లు తిరిగినట్టు ఒక స్థానం జరగాలి. వెనక వరసలోకి పోయిన పెద్దోడు మూడు మీటర్ల గీత దాటి ముందుకొచ్చి వల మీద కొట్టకూడదు. అంటే ఆరు రొటేషన్లలో మూడింట్లో మా తోపు వెనకే ఉంటాడు. ఆ మూడింట్లో మా దగ్గర దాడే లేదు. పైగా ఎవడు ఎక్కడ నిలబడాలో తెలీక రొటేషన్ ఫాల్ట్‌లతో నాలుగైదు పాయింట్లు ఊరికే ఇచ్చేశాం.

1998 తర్వాత ర్యాలీ పాయింట్ పద్ధతి వచ్చింది కదా, ఇప్పుడు ఏ తప్పు చేసినా అవతలివాడికి పాయింటే. పాతకాలంలో సర్వీసు చేసిన జట్టుకే పాయింటు. సర్వీసు మనదైనప్పుడు తప్పు కొడితే సర్వీసు పోవడం అంతే. మా మామలు, బాబాయిలు ఆ పద్ధతిలో ఆడినవాళ్ళు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న ధైర్యం మాకు ఉంది, కొత్త లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రాత్రే మాటల్లో వచ్చింది. మా కాలేజీలో సీనియర్లు చెప్పినంత కాలం నించి లిఫ్టర్ ఎప్పుడూ పట్నం కుర్రాడే. ఎగరడానికి, కొట్టడానికి మేము. బంతి ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది ఇంకొకరు. ఎవరూ కావాలని చేసింది కాదు. సెలక్షన్‌లో మమ్మల్ని చూడగానే "నువ్వు ఎగురు" అంటారు, మేము ఎగురుతాం. "నువ్వు లిఫ్ట్ చెయ్యి" అని మాలో ఎవరినీ ఒక్కసారి కూడా అనలేదు. మాకూ అడగాలని తోచలేదు.

ఒళ్ళు గట్టి అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాట వెనకే ఇంకోటి నడిచి వస్తుంది, వీళ్ళకి నేర్పక్కర్లేదు అని. బలం కూడా నేర్చుకునేదే. మన పక్కనే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆమెకి పుట్టుకతోనే ఒళ్ళు గట్టి కాబట్టి సాధన అక్కర్లేదని ఎవరైనా అన్నారా? చిన్నప్పటి నించి కోచ్ దగ్గర ఏళ్ళ తరబడి సాధన చేస్తేనే ఆ ఇనుము లేచింది. మరి మా పెద్దోడికి ఎలా దిగాలో కూడా ఎవరూ చెప్పలేదు. వాడు ఎగిరి ఎప్పుడూ ఎడంకాలి మీదే దిగేవాడు. మా ఊళ్ళో మెత్తటి మట్టి కాబట్టి ఏమీ కాలేదు. కాలేజీ గ్రౌండ్ రాయిలాంటి నేల, కాళ్ళకి గుడ్డ బూట్లు. ఆ వేసవికి వాడి మోకాలు వాచిపోయింది. మెట్లు దిగడానికి గోడ పట్టుకునేవాడు. రెండు కాళ్ళ మీద, మోకాళ్ళు కొంచెం వంచి దిగాలన్న చిన్న సంగతి ముందే తెలిసుంటే వాడి ఆట ఇంకో మూడేళ్ళు నిలిచేది. అది మా మనసులో ఇప్పటికీ ముల్లే.

పెద్దోడు లేని టీమ్‌తో థర్డియర్ మొదలైంది. పట్నం లిఫ్టర్ కూడా డిగ్రీ అయిపోయి వెళ్ళిపోయాడు. అప్పుడు నోట్‌బుక్ తమ్ముడు అన్నాడు, "నాను లిఫ్ట్ చేస్తాను."

అందరం నవ్వాం. వాడు మాలో పొట్టోడు. ఎగిరినా వల పైకి వేళ్ళు మాత్రమే వస్తాయి. మగవాళ్ళ వల ఎత్తు 2.43 మీటర్లు. కానీ వాడొక్కడే అవతలి టీమ్‌లో ఎవడు ఎప్పుడు అలిసిపోయాడో, ఎవడు బ్లాక్‌కి ఆలస్యంగా వస్తాడో చూసి రాసుకున్నవాడు. లిఫ్టర్‌కి కావలసింది అదే. చేతిలో బంతి అర సెకను కూడా ఉండదు. ఆ లోపల ఎదురుగా బ్లాక్ ఎటు జరుగుతోంది, మనవాళ్ళలో ఎవరు సిద్ధంగా ఉన్నారు, ఎవరికి రెండు దెబ్బలు తప్పిపోయి మనసు చెదిరింది, అన్నీ తెలియాలి. తప్పిపోయినవాడికి మళ్ళీ బంతి ఇచ్చి నిలబెట్టాలా, కాసేపు ఒగ్గీయాలా అన్నది కూడా వాడి చేతిలోనే ఉంటుంది.

పీడీ సారు మొదట ఒప్పుకోలేదు. నెల రోజులు చూడండి సార్ అని బతిమాలాం. సరే అన్నారు.

ఆ నెల రోజులు మేము స్మాష్ ముట్టుకోలేదు. మొదటి బంతి ఒక్కటే. సీతంపేట తమ్ముడు ఇంటి నించి జీడిపిక్కలు మోసే గంప ఒకటి తెచ్చాడు. వలకి రెండడుగుల దూరంలో, మధ్య నించి కొంచెం కుడివైపు మా లిఫ్టర్ ఆ గంప పట్టుకుని నిలబడతాడు. అవతలి నించి ఒకడు సర్వీసు చేస్తాడు. మేము ముంజేతుల మీద తీసుకుని బంతిని ఆ గంపలో వెయ్యాలి. గంప పట్టుకున్నవాడు రెండడుగులకి మించి కదలకూడదు. గంపలో పడకపోతే గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్. మొదటి రోజు ఆడింది తక్కువ, పరిగెత్తింది ఎక్కువ. మొదటి వారమంతా ముంజేతులు ఎర్రగా కమిలిపోయాయి. బంతి బరువు 260 నించి 280 గ్రాములే, కానీ రోజుకి రెండొందలసార్లు చేతుల మీద పడితే ఎలా ఉంటుందో తిన్నవాళ్ళకి తెలుసు. గ్రౌండ్‌లో చీకటి పడితే మెస్సు గోడకి కొట్టుకునేవాళ్ళం. వంట మామ ఎన్నిసార్లు గరిటె పట్టుకుని వెంటపడ్డాడో లెక్కలేదు.

నేర్చుకున్నది చిన్న చిన్న విషయాలే. చేతులు ఊపి బంతిని కొట్టకూడదు, చేతులు చాపి ఉంచి కాళ్ళతో కింద నించి లేవాలి. బంతి మన దగ్గరికి వచ్చాక కదలడం కాదు, సర్వీసు చేసేవాడి భుజం చూసే కదలాలి. ఇద్దరి మధ్య పడే బంతికి "నాది" అని గట్టిగా అరవాలి. ఈ మూడోది మాకు అన్నిటికంటే కష్టమైంది. నవ్వకండి. మేము కోర్టులో అరవం. క్లాసులో చివరి బెంచీలో కూర్చుని అలవాటైన నోళ్ళు. తప్పు మాట వస్తే నవ్వుతారని తొమ్మిదో తరగతి నించీ మూసుకున్న నోళ్ళు. ఇద్దరి మధ్య బంతి పడుతుంటే ఇద్దరమూ మర్యాదగా చూస్తూ ఊరుకునేవాళ్ళం. అవతలివాడికి పాయింటు.

పొట్టివాళ్ళు దాడి ఎలా చెయ్యాలన్న ప్రశ్నకి జవాబు మాకు లైబ్రరీలో ఒక పాత ఆటల పుస్తకంలో దొరికింది. ఈ ఆట 1895లో అమెరికాలో పుట్టింది. ఒకడు ఎత్తి ఇవ్వడం, ఇంకొకడు ఎగిరి కొట్టడం అన్న పద్ధతి 1916 ప్రాంతంలో ఫిలిప్పీన్స్ వాళ్ళు మొదలెట్టారు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్‌లోకి మొదటిసారి వాలీబాల్ వచ్చినప్పుడు, జపాన్ ఆడవాళ్ళు రష్యావాళ్ళని ఓడించి బంగారం గెలిచారు. ఆ జట్టులో చాలామంది ఒక బట్టల మిల్లులో పనిచేసే అమ్మాయిలు. మన నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్ట్ దిగి వచ్చి ఆడినట్టు అనుకోండి. వాళ్ళ పేరు మోగింది స్మాష్‌కి కాదు. నేల మీద దొర్లి మరీ మొదటి బంతి లేపడానికి. తర్వాత 1972లో మ్యూనిక్‌లో జపాన్ మగవాళ్ళు బంగారం గెలిచారు. యూరప్ వాళ్ళ ఎత్తుకి చాలక, బ్లాక్ వచ్చేలోపే కొట్టేసే క్విక్‌లు, ఒకడు ఉత్తుత్తినే ఎగిరితే వెనక ఇంకొకడు కొట్టే ఎత్తులు వాళ్ళు పెంచుకున్నారు. అంటే ఎత్తు తక్కువైనవాళ్ళు సమయాన్ని దొంగిలించారు. ఇది చదివిన రోజు మా పొట్టి లిఫ్టర్ మొహం చూడాల్సింది.

క్విక్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాం. మామూలుగా బంతి పైకి లేచాక షూటర్ పరిగెత్తుతాడు. క్విక్‌లో లిఫ్టర్ చేతిలో బంతి పడే సరికే షూటర్ గాల్లో ఉంటాడు. బంతి వచ్చి వాడి చేతికి తగులుతుంది. ఎదుటివాడికి బ్లాక్ పెట్టే టైమే ఉండదు. కానీ మొదటి బంతి గంపలో పడినట్టు లిఫ్టర్‌కి చేరితేనే ఇది కుదురుతుంది. చేరకపోతే మళ్ళీ ఎత్తు బంతి, మళ్ళీ గోడ. అందుకే నెల రోజులు గంప.

ఇప్పుడు అసలు నవ్వొచ్చే సంగతి. ఏ బంతి ఎవరికి ఇస్తున్నాడో లిఫ్టర్ ముందే చెప్పాలి. తెలుగులో చెప్తే అవతలివాళ్ళకీ తెలిసిపోతుంది. ఇంగ్లీషులో చెప్తే ఇంకా బాగా తెలిసిపోతుంది. మా లిఫ్టర్ సవర కుర్రాడు. సవరలో ఒకటి, రెండు, మూడు పెట్టుకున్నాం. అబోయ్ అంటే మధ్యలో క్విక్. బాగు అంటే మధ్యవాడు ఉత్తినే ఎగురుతాడు, వాడి వెనక నించి రెండోవాడు కొడతాడు. యాగి అంటే వెనక వరసవాడు మూడు మీటర్ల గీత వెనక నించి ఎగిరి కొట్టడం. జాతాపులు, గదబలు, పట్నం కుర్రాళ్ళు నలుగురూ, అందరూ నేర్చుకున్నారు. పట్నం తమ్ముడు ఒకడైతే పది దాకా లెక్కపెట్టడం నేర్చుకుని మెస్సులో ఇడ్లీలు సవరలోనే అడిగేవాడు.

ఆశ్రమ పాఠశాలలో సవరలో మాట్లాడితే పక్కవాళ్ళు నవ్వుతారని దాచుకున్న మాటలు ఇవి. అవే ఇప్పుడు కోర్టులో గొంతెత్తి అరుస్తున్నాం. నోళ్ళు కూడా అప్పుడే తెరుచుకున్నాయి. "నాది" అని తెలుగులో అరవలేనివాడు "బాగు" అని మాత్రం కొండ ప్రతిధ్వని ఇచ్చేలా అరిచేవాడు.

ఇంకా కొన్ని మార్చుకున్నాం. క్లుప్తంగా చెప్తాం, మీ టీమ్‌లకి పనికొస్తాయి. షూటర్ కొట్టేటప్పుడు మిగతావాళ్ళు బొమ్మల్లా చూడకుండా వాడి చుట్టూ ముగ్గురు వంగి ఉండాలి. బ్లాక్‌కి తగిలి తిరిగొచ్చిన బంతిని మళ్ళీ లేపితే మళ్ళీ దాడి. ఇలా వెనక మనవాళ్ళు ఉన్నారని తెలిస్తే కొట్టేవాడి చెయ్యి కూడా భయపడదు. సర్వీసు కూడా దాడే. బలంగా కొట్టి వలకి తగిలించేకన్నా, అవతలి టీమ్‌లో మొదటి బంతి సరిగ్గా తీయలేనివాడిని పసిగట్టి వాడి మీదికే వెయ్యాలి. మాకు జరిగిందే వాళ్ళకి జరుగుతుంది. ఆరు రొటేషన్లూ కాగితం మీద గీసుకుని, ప్రతి దాంట్లో ఎవరు తీస్తారు, ఎవరు కొడతారు అన్నది పడుకునే ముందు నోటికి చెప్పుకోవాలి. ఎగరడం వారానికి మూడు రోజులు చాలు, మిగతా రోజులు మోకాళ్ళకి విశ్రాంతి. పెద్దోడే ఇవన్నీ పక్కన కుర్చీలో కూర్చుని చూసేవాడు. ఎవడైనా ఒంటికాలి మీద దిగితే అక్కడ నించే తిట్టేవాడు.

అమ్మాయిల సంగతి రాయకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. మా చెల్లెళ్ళ టీమ్ కూడా ఉండేది. వాళ్ళకి స్మాష్ రాదని, అమ్మాయిలు బంతి తోసుకుంటారంతే అని అందరం అనేవాళ్ళం. ఒక రోజు వాళ్ళలో ఒక చెల్లి టేపు తెచ్చి వల కొలిచింది. మేము కట్టిన ఎత్తే, 2.43. ఆడవాళ్ళకి ఉండాల్సింది 2.24. పందొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ. మేము ఆడాక మిగిలిన అరగంటలో, మా వల కింద, వాళ్ళు ఆడుతున్నారు ఇన్నాళ్ళూ. ఎగిరినా చెయ్యి వల దాటని చోట స్మాష్ ఎలా వస్తుంది? "మాకు రాదన్నారు కదన్నా, వల దించి చూడండి" అంది. దించాం. రెండు వారాలకే వాళ్ళలో ఇద్దరు కొడుతున్నారు. పీడీ సారు మమ్మల్ని అన్న మాటకి మాకు ముల్లు గుచ్చుకుంది కదా. మేము మా చెల్లెళ్ళని అన్నదీ అలాంటి మాటే. ఆ మర్నాటి నించి స్తంభానికి రెండు ఎత్తుల దగ్గర పెయింట్ గీత పెట్టి, రోజు విడిచి రోజు ముందు వాళ్ళు ఆడేలా ఒప్పందం చేసుకున్నాం. అది ఎప్పుడో చెయ్యాల్సింది.

ఇక పోటీలు. కప్పు గెలిచామని రాస్తే బాగుండేది. గెలవలేదు. సెమీస్‌లో, మూడో సెట్‌లో ఓడిపోయాం. ఆఖరి పాయింటు దగ్గర మొదటి బంతి మాదే చెదిరింది, ఎవరినీ అనడానికి లేదు. కానీ ఆ రోజు నోట్‌బుక్ పెద్దోడి చేతిలో ఉంది. వాడు గీసిన గీతల్లో మా దాడి పాయింట్లు నలుగురి పేర్ల కింద పంచుకుని ఉన్నాయి. ముందటేడు ఒక్క పేరు కిందే ఉండేవి.

క్వార్టర్స్‌లో ఒక ముచ్చట మాత్రం చెప్పాలి. ఎదుటి టీమ్ మధ్య బ్లాకర్ మా లిఫ్టర్ "బాగు, బాగు" అని అరుస్తుంటే విని, వీళ్ళేటి, ప్రతి బంతికీ తమని తామే మెచ్చుకుంటున్నారు అని నవ్వుకున్నాడట. మ్యాచ్ అయ్యాక చెయ్యి కలుపుతూ అడిగాడు. "ఏం బ్రదర్, ఇంకా కొట్టకముందే బాగు అంటారేటి?" మా వాడు చెప్పాడు, "మా భాషలో బాగు అంటే రెండు బ్రదర్." ఆ కుర్రాడు కాసేపు ఆగి, "మీకు భాష ఉందా?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే తెలీదు. శ్రీకాకుళంలో పుట్టి పెరిగిన కుర్రాడు. మా లిఫ్టర్ అక్కడే గ్రౌండ్‌లో కూర్చుని వాడికి పది దాకా నేర్పాడు.

పీడీ సారు తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా లిఫ్టర్ పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాలకొండ దాటాక, "ఒరేయ్, వచ్చే ఏడు కొత్తవాళ్ళకి సెలక్షన్ నువ్వు కూడా నా పక్కన ఉండి చూడు" అన్నారు. మాకు కప్పు అదే.

ఇప్పుడు మేము తలో దారి. ఒకడు బీపీఈడీ చేస్తున్నాడు. ఒకడు కానిస్టేబుల్ పరీక్షకి తయారవుతున్నాడు. ఇద్దరు విశాఖపట్నంలో ప్రైవేటు పనుల్లో ఉన్నారు. పెద్దోడు ఊళ్ళో జీడితోట చూసుకుంటూ సాయంత్రాలు పిల్లలని ఆడిస్తున్నాడు. ముందు వాళ్ళకి దిగడం నేర్పుతున్నాడు, తర్వాతే ఎగరడం.

గ్రూపులో అందరికీ మా మనవి ఇది. సంక్రాంతికి మీ ఊళ్ళో టోర్నమెంట్ పెడతారు కదా. ఒక్క రోజైనా రొటేషన్‌తో ఆడించండి. చిన్నపిల్లల ఆటలో వల దించండి, అమ్మాయిలకి 2.24 దగ్గర కట్టండి. బంతి తెచ్చిచ్చే గుంటడు ఒకడు ఉంటాడు చూడండి, గట్టు మీద కూర్చుని ఎవడు ఎలా ఆడుతున్నాడో పక్కవాడికి చెప్తుంటాడు. వాడిని లేపి వల దగ్గర నిలబెట్టండి. వాడికి గంప ఇవ్వండి.

కాలేజీల్లో ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఇంకో మాట. సెలక్షన్‌లో మిమ్మల్ని చూడగానే "ఎగురు" అంటారు. ఎగరండి, తప్పులేదు, మనకి ఇష్టమే కదా. కానీ ఒకసారి అడగండి, "సార్, నేను లిఫ్ట్ చేసి చూడనా?" అని. ఆటలోనే కాదు, స్టూడెంట్ యూనియన్‌లో, క్లాస్ సెమినార్‌లో, ఊళ్ళో గ్రామసభలో కూడా ఇదే ప్రశ్న పనికొస్తుంది. మనల్ని జెండా మోయమంటారు, డప్పు కొట్టమంటారు, థింసా ఆడమంటారు. బంతి ఎవరికి వెళ్ళాలో నిర్ణయించే చోట మాత్రం మనవాళ్ళు తక్కువ కనిపిస్తారు.

మీ ఊళ్ళో, మీ కాలేజీలో లిఫ్టర్ ఎవరు? కింద రాయండి. మొదటి బంతి బాగా తీసేవాళ్ళ పేర్లు కూడా రాయండి. షూటర్ల పేర్లు అక్కర్లేదు, వాళ్ళవి ఊరందరికీ తెలుసు.

అబోయ్, బాగు, యాగి.

జోహార్.